కదలని గీతలు

వర్క్‌షాపు మేడ మీద గది,
మార్చి 4.

వదినా,

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చూడగానే చింపెయ్యకు. చింపాలనిపిస్తే చదివాక చింపు. అడ్రసు ఎలా దొరికిందంటావేమో. నీ పేరు మీద వచ్చే పార్సిళ్ళు అక్కడికి తిప్పి పంపమని పోస్టాఫీసుకి కాగితం రాసిచ్చావు కదా, అది పోస్ట్‌మాన్ చేతిలో చూశాను. ఫోన్ ఎలాగూ మార్చేశావు. మార్చకపోయినా లాభం లేదులే. పగలంతా మా ఫోన్లన్నీ అన్నయ్య బల్ల సొరుగులో ఉంటాయి, కొత్త రూలు. డిజైన్ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ కూడా పీకించేశాడు, మన డ్రాయింగులు ఎవరో ఎత్తుకుపోతారట. ఎత్తుకుపోయేవాడికి ఎంత ఖర్మ పట్టాలో!

అసలు సంగతికి వస్తాను. నీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

కోపం తెచ్చుకోకు. ఆసుపత్రి మంచాల కంపెనీవాళ్ళు గొట్టం మార్చారు. ముప్పై రెండు మిల్లీమీటర్ల గొట్టం బదులు ముప్పై అయిదు. అంటే దాన్ని పట్టుకునే ప్రతి క్లాంపూ, ప్రతి ప్లేటూ, ప్రతి కీలూ మారాలి. నువ్వు గీసినవి నలభై ఒక్క డ్రాయింగులు. జూన్ పదిహేను లోపల అన్నీ మారిస్తే ఆ కుర్చీ నాదట, డిజైనర్ అని బోర్డు కూడా అన్నయ్య పెట్టిస్తాడట. మార్చలేకపోతే బయట నుంచి మనిషిని తెస్తాడు, నేను వెళ్ళి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోవాలి. పదకొండేళ్ళుగా ఎవరెవరో గీసినవి నేను వెర్నియర్ పెట్టి కొలుస్తూ వచ్చాను వదినా. నేను గీసినది ఇంకొకరు కొలవాలని ఉంది. నవ్వుకో, కానీ ఉంది.

పాలిటెక్నిక్‌లో బల్ల మీద కాగితం పరిచి గీసిన చెయ్యి నాది. ఈ సాఫ్ట్‌వేర్ నాకు అయోమయంగా ఉంది. చక్కగా పెట్టె గీస్తాను, మూల ముట్టుకుంటే చాలు, తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగిపోతుంది. నీలం గీతలట, నల్ల గీతలట, మధ్యలో ఎర్రగా అరుపులు. ఎవరిని అడగను? నువ్వు తప్ప నాకు ఎవరున్నారు చెప్పు.

జవాబు ఇంటికి రాయకు. కవరు మీద పక్కనున్న దర్జీ షాపు అడ్రసు వెయ్యి. దర్జీ మంచివాడు, నోరు మెదపడు.

నీ మరదలు.


అద్దె గది, మూడో అంతస్తు,
మార్చి 12.

మరదలికి,

చింపలేదు. రెండు రోజులు బల్ల మీద పెట్టి చూశాను, మూడో రోజు చదివాను.

మీ అన్నయ్య గురించి నాకు రాయొద్దు. ఎలా ఉన్నావని నన్ను అడగొద్దు. పని గురించి అడుగు, చెప్తాను.

కాగితం మీద గీత గీస్తే అది అక్కడ పడి ఉంటుంది. ఇక్కడ గీతకి చెప్పాలి. నువ్వు నిలువుగా ఉండు, నువ్వు పక్కదానికి సమాంతరంగా ఉండు, నీ చివర దాని చివరని వదలకూడదు, ఈ రెండు వృత్తాలకీ సెంటర్ ఒకటే అని. వీటిని కన్‌స్ట్రెయింట్లు అంటారు, మనం షరతులు అనుకుందాం. షరతులు చాలకపోతే గీత నీలంగా ఉంటుంది, అంటే ఇంకా జారుతుందని. సరిపోతే నల్లబడుతుంది, ఇక కదలదు. ఎక్కువైతే ఎర్రబడుతుంది. నీ పెట్టె ఒరిగిపోయిందంటే దానికి నువ్వు ఏమీ చెప్పలేదన్నమాట. చెప్పకుండా నిలబడమంటే ఎవరు నిలబడతారు?

వరస ఇది. ముందు ఆకారం సుమారుగా గియ్యి, కొలత పట్టించుకోకు. తర్వాత షరతులు పెట్టు. కొలతలు అన్నిటికంటే చివర. ఒక్కో షరతు పెట్టాక గీతను మౌస్‌తో పట్టి లాగి చూడు, ఎటు జారుతోందో అటు ఇంకా ఏదో చెప్పాలి. నువ్వేమో ముందే కొలతలు పెడుతూ ఉంటావు, నాకు తెలుసు, వెర్నియర్ చేతిలో లేకపోతే నీకు ఊపిరాడదు.

నెల రోజులు ఖాళీ షీట్ మీదే గియ్యి. పాత ఫైళ్ళ జోలికి ఇప్పుడే వెళ్ళకు.

వదిన.


స్టోరు గది కిటికీ దగ్గర,
మార్చి 28.

వదినా వదినా,

నల్లబడింది! పెట్టె, దాని మధ్యలో హోలు, నాలుగు మూలలా గుండ్రం. పట్టి లాగితే ఇసుమంతైనా కదల్లేదు. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. లేత్ మిషన్ దగ్గర పెద్దాయన తల దూర్చి, "ఏమ్మా, పురుగు పాకిందా?" అన్నాడు.

కానీ అంతకుముందు పడ్డ తిప్పలు వింటే నువ్వు పళ్ళికిలిస్తావు. నువ్వన్నట్టే నాలుగు వైపులా కొలతలు పెట్టేశాను. పైన ఎనభై, కింద ఎనభై, ఇటు నలభై, అటు నలభై. మొత్తం రక్తం కక్కుకుంది. నేనేం తప్పు పెట్టానా అని గంట సేపు కొలతలన్నీ మళ్ళీ చూశాను, అన్నీ కరెక్టే. తర్వాత తట్టింది. పైది, కిందిది సమానమని ఆకారమే చెప్తున్నాక, మళ్ళీ నేను చెప్పడమెందుకు? కొలిచే మనిషికి నాలుగు వైపులా కొలవకపోతే నిద్ర పట్టదు కదా. రెండు తీసేశాను, ఏడుపు ఆపింది.

ఇంకోటి. హోలు ఇటు జరిపితే మూల గీత కూడా వెంట పడి వచ్చేసింది. గీసేటప్పుడు గీత చివర హోలు సెంటర్‌కి దానంతట అదే అంటుకుందన్నమాట, నేను చూసుకోలేదు. ఆ షరతు తీసేశాను. ఇది నేనే కనిపెట్టాను సుమా, నువ్వు చెప్పలేదు.

ఇప్పుడు నీ మాట వినకుండా ఒక పని చేశాను. మంచం పక్కకమ్మీకి నువ్వు గీసిన ప్లేటు ఫైలు తెరిచాను. వదినా, అది వేరే లోకంలా ఉంది. గీతలన్నీ నల్లగానే ఉన్నాయి. కొలతలేమో బూడిద రంగులో. ముప్పై రెండు మీద నొక్కితే మార్చనివ్వదు, చూసుకో అంటుంది అంతే. కొత్త కొలత పెడితే షీటంతా ఎరుపు. గీతను పట్టి లాగితే బండరాయి. ఇంకో నాలుగు తెరిచాను, అన్నీ అంతే. నువ్వు గీసేటప్పుడు పక్కన నిలబడి చూశాను కదా, ఒక అంకె మారిస్తే ప్లేటు మొత్తం మాట విన్నట్టు మారిపోయేది. నేనేం పాడు చేశాను?

అన్నయ్య వెనక నుంచి వచ్చి, "మూడు వారాలైంది, ఒక్క హోలు పెద్దది చెయ్యలేవా?" అన్నాడు. అందరూ విన్నారు.

తొందరగా రాయి.

నీ మరదలు.


అద్దె గది,
ఏప్రిల్ 9.

మరదలికి,

నువ్వేమీ పాడు చెయ్యలేదు. నేను వచ్చేశాక మీవాళ్ళు కొత్త వెర్షన్ వేయించి ఉంటారు. పాత వెర్షన్‌లో గీసినవి కొత్తదాంట్లో తెరిస్తే ఒక్కోసారి అలా బిగుసుకుపోతాయి. నా చేతిలో ఏమీ లేదు. కొత్తగా గీసుకో, అదే దారి.

గీసేటప్పుడు సగమే గీసి, మధ్యలో ఒక గీత పెట్టి, రెండో సగం దీనికి అద్దంలా ఉండాలని షరతు పెట్టు. సగం పని తగ్గుతుంది. ఒకే సైజు హోళ్ళు నాలుగుంటే ఒక్కదానికే కొలత ఇచ్చి, మిగతావి దానికి సమానమను. రేపు గొట్టం మళ్ళీ మారితే ఒక్క అంకె మారిస్తే చాలు.

పక్కకమ్మీ ప్లేటు పేరెత్తావు కాబట్టి అడుగుతున్నాను. ఆ కమ్మీకి పెట్టిన మడత కీలు గుర్తుందా? మంచాల కంపెనీ ఆఫీసరు వచ్చి, దాన్ని చేతిలో పట్టుకుని తెరిచి మూసి, తెరిచి మూసి, "భలే ఉందే, ఎవరు గీశారిది?" అన్నాడు. నేను తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను. మీ అన్నయ్య మాట్లాడలేదు. నువ్వు మాట్లాడావు. "మా అన్నయ్యేనండీ" అన్నావు.

ఏడు నెలలు దాని మీద కూర్చున్నాను నేను. నువ్వే నాకు టీ తెచ్చి ఇచ్చేదానివి. నీకంటే బాగా ఎవరికి తెలుసు? మీ అన్నయ్య ఆ మాట అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆయనతో పోట్లాడటం నాకు అలవాటే. నువ్వన్నావు. ఆ మర్నాడే డ్రాయింగుల మీద పేర్ల గడిలో నా పేరు తీయించి తన పేరు వేయించుకున్నాడు. అడిగితే, "నా చెల్లెలే చెప్పింది కదా" అన్నాడు.

నీ అద్దం షరతు పని చెయ్యకపోతే మధ్య గీతను ఎంచుకోవడం మర్చిపోయావని అర్థం.

వదిన.


మేడ మీద గది,
ఏప్రిల్ 24.

వదినా,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. జవాబు తర్వాత రాస్తాను, ముందు ఇది విను. గోరుచుట్టు మీద రోకటిపోటు.

కొత్తగా గియ్యమన్నావు. ఒక్కో ప్లేటుకి నాకు నాలుగు రోజులు పడుతోంది, ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి. ఈలోగా అరవై ప్లేట్లు అర్జెంటుగా కావాలని వాళ్ళు మీద కూర్చున్నారు. కాగితం డ్రాయింగులో కొలత మారితే మేమేం చేసేవాళ్ళం? పాత అంకె రుద్దేసి కొత్త అంకె రాసి, దాని కింద గీత గీసేవాళ్ళం. బొమ్మ ఎలా ఉన్నా అంకెదే మాట. అందరికీ తెలిసిన పద్ధతే. ఇందులో ప్రింటు షీటులో అంకె మీద రెండుసార్లు నొక్కితే పైన వేరే అంకె టైపు చెయ్యనిస్తోంది. ముప్పై రెండు మీద ముప్పై అయిదు కొట్టాను. కింద గీత కూడా గీశాను. ప్రింటు తీస్తే చూడముచ్చటగా వచ్చింది. అన్నయ్య "శభాష్" అన్నాడు వదినా, నా జీవితంలో మొదటిసారి.

ప్లేట్లు కోసే లేజర్ కటింగ్‌వాళ్ళు కాగితం చూడరట. ఫైలు మిషన్‌లో పెడతారట, అంతే. ఫైల్లో గీత ముప్పై రెండు దగ్గరే ఉంది కదా.

అరవై ప్లేట్లు వచ్చాయి. అలవాటు కొద్దీ మొదటిది తీసి నేనే కొలిచాను. ముప్పై రెండు పాయింట్ సున్నా అయిదు. ఇంకోటి తీశాను. ఇంకోటి. అన్నీ అంతే. దాచి ఏం లాభం, నేనే వెళ్ళి చెప్పాను.

అన్నయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మిషన్లన్నీ ఆపించి, పదిహేను మందిని నిలబెట్టి, నా చేత ఒక్కో ప్లేటూ తుక్కు పెట్టెలో వేయించాడు. అరవై. జూన్ పదిహేను కాదు, ఇక మే నెలాఖరే అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "అది పోతూ పోతూ ఫైళ్ళకి ఏదో చేసే ఉంటుంది. దాని బుద్ధి నాకు తెలీదా" అని. నేను కస్సుమన్నాను. వదిన అలాంటి మనిషి కాదు, నన్నెన్నయినా అను, వదిన పేరెత్తకు అన్నాను. పదిహేను మంది ముందూ అన్నాను.

ఇప్పుడు నీ జవాబు. ఆ రోజు అన్నయ్య నన్ను అలా చెప్పమనలేదు. నావైపు చూశాడంతే. ఆ చూపు నీకు తెలుసు. నేను పడుకునే గది, తినే కంచం, నా వెర్నియర్, అన్నీ ఆ చూపులోనే ఉంటాయి. నీకు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు పది మంది ఉన్నారు, వెళ్ళిపోయావు. నన్నెవరు పిలుస్తారు? తప్పు చేశాను. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గుతోనే నీకు మొదటి ఉత్తరం రాయడానికి నాలుగు నెలలు పట్టింది.

ఒక్కటి అడుగుతాను. పాత ఫైళ్ళ కాపీలు, బిగుసుకుపోక ముందువి, నీ దగ్గర ఉన్నాయా? ఉంటే పంపు. బతికిపోతాను.

నీ మరదలు.


ఆఫీసు క్యాంటీన్,
మే 3.

మరదలికి,

అంకె మీద అంకె టైపు చేస్తావా? నిన్నేమనాలో నాకు తెలియడం లేదు. సాఫ్ట్‌వేర్‌లో అంకె బొమ్మని నడిపిస్తుంది. బొమ్మ మారకుండా అంకె మార్చడం అంటే జ్వరం ఉన్నవాడి థర్మామీటర్‌ని చన్నీళ్ళలో ముంచడం. నెలన్నర నుంచి నేను ఏం చెప్తున్నాను, నువ్వేం వింటున్నావు?

కాపీలు లేవు. నా దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లన్నీ బల్ల మీద పెట్టే వచ్చాను, మీ అన్నయ్యని అడుగు.

నన్ను వెనకేసుకురావద్దు. నేను అడగలేదు.

వదిన.


స్టోరు గది,
మే 8.

ప్రియమైన వదినకు,

తిట్టావు, మంచిదే. తిట్టేవాళ్ళుంటేనే కదా బుద్ధి వచ్చేది.

నేను కులాసా. పని సాగుతోంది. రెండు చిన్న సందేహాలు, తీరిక ఉన్నప్పుడే చెప్పు. మెనూలో పైన కన్ను బొమ్మ ఒకటి ఉంది. అది ఎందుకు? అది నొక్కితే ఏమవుతుంది?

రెండోది. నలభై ఒక్క ఫైళ్ళూ ఒకే రోజు, పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య సేవ్ అయినట్టు చూపిస్తోంది. వెర్షన్ మారితే పాత తేదీలు కూడా అలా మారిపోతాయా?

తెలియక అడుగుతున్నాను. నీకంటే ఎవరికి బాగా తెలుసు.

నీ మరదలు.


అద్దె గది,
మే 16.

మరదలికి,

కన్ను బొమ్మతో నీకు పని లేదు. తెర మీద ఏవేవో గుర్తులు వచ్చి గందరగోళం అవుతుంది. తేదీల సంగతి నాకు తెలియదు, కంప్యూటర్ గడియారం తప్పు అయి ఉండొచ్చు.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు రాయలేకపోవచ్చు.

వదిన.


అద్దె గది,
మే 29.

అమ్మాయ్,

ఈ కవర్లో పెన్‌డ్రైవ్ ఉంది. ముందు అది జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, తర్వాత చదువు.

నలభై ఒక్క ఫైళ్ళూ అందులో ఉన్నాయి. ముప్పై రెండు అన్న అంకె ఒక్క చోటే ఉంటుంది. అక్కడ ముప్పై అయిదు కొడితే మిగతాదంతా దానంతట అదే మారుతుంది. రోజుకి పది చెయ్యగలవు. నాలుగు రోజుల పని. నెలాఖరు దాటినా ఇవి చూపించి రెండు రోజులు గడువు అడుగు.

వెర్షన్ వల్ల కాదు. నేనే చేశాను. నవంబరు పదిహేడు, నేను వచ్చేసిన రోజు. సాఫ్ట్‌వేర్‌లో తాళం షరతు ఒకటుంది. చుక్కకి తాళం వేస్తే ఇక అది ఎవరి మాటా వినదు. ఉన్న షరతులన్నీ పీకేసి, ప్రతి చుక్కకీ తాళం వేశాను. ఒక్కో ఫైలుకి అయిదు నిమిషాలు. ఆ గుర్తులు కనబడకుండా ప్రతి ఫైల్లోనూ ఆ కన్ను బొమ్మ మూసేశాను. నువ్వు టీ తెచ్చి పక్కన పెట్టావు, నేను తలెత్తి చూడలేదు. నా పేరు తీసేసినవాడు నా గీతల్ని ఒక్క మిల్లీమీటరు కూడా కదపకూడదనుకున్నాను. ఆయన ఆ కంప్యూటర్ ముందు కూర్చుని తల బాదుకుంటాడని ఊహించుకుంటూ ఈ నెలలన్నీ గడిపాను. ఆ కుర్చీలో నువ్వు కూర్చుంటావని నేను ఎందుకు అనుకుంటాను?

నీ మొదటి ఉత్తరం రాగానే చెప్పి ఉండాల్సింది. నిజం చెప్పనా? మొదట్లో నాకు బాగుంది. 'మా అన్నయ్యేనండీ' అన్న నోరు, ఇప్పుడు నాకు తెలీదు వదినా అంటోంది కదా అనుకున్నాను. ఎలుకకి ప్రాణసంకటమని తెలిసీ పిల్లి ఆట ఆడాను. అరవై ప్లేట్ల ఉత్తరం చదివిన రోజున అన్నం సయించలేదు. పదిహేను మంది ముందు నన్ను వెనకేసుకొచ్చానని రాశావు, ఆ మాటకే నీ మీద మండిపడి తిట్టి రాశాను. చెప్పడానికి మొహం లేక.

కాపీలు మొదటి నుంచీ నా దగ్గరే ఉన్నాయి.

ఇంకోటి చూడు. పేర్ల గడిలో 'గీసినవారు' అన్న చోట నా పేరు ఉంటుంది. 'సరిచూసినవారు' అన్న చోట నీ పేరు. నలభై ఒక్కటిలోనూ. మీ అన్నయ్య రెండు పేర్లూ తీయించాడు, నీకు చెప్పి ఉండడు. నేనూ చెప్పలేదు.

కావాలంటే ఈ ఉత్తరం ఆయనకే చూపించు. తప్పు నాదని తెలిస్తే కుర్చీ నీకే ఉంచుతాడు.

వదిన.


ప్యాకింగ్ షెడ్డు,
జూన్ 9.

వదిన గారికి,

'మీరు' అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అలా అయితేనే రాయగలుగుతున్నాను.

మీ కవరు నాలుగో తారీకు దర్జీ ఇచ్చాడు. కొత్త డిజైనర్ ఒకటో తారీకునే వచ్చాడు. చేతులు కాలాక ఆకులు అంటారే, అదీ.

కన్ను నేను మే ఆరునే నొక్కాను. మీరు వద్దనకముందే. షీటు నిండా తాళం గుర్తులు లేచాయి, గోడ నిండా మేకులు కొట్టినట్టు. తేదీ చూశాను. ఆ రోజు మీ పక్కన పెట్టిన టీ చల్లారిపోతే పారబోసింది నేనే కదా, తేదీ నాకు గుర్తు లేకపోవడమేమిటి? అప్పుడు మీకు కులాసాగా ఉత్తరం రాశాను. కన్ను బొమ్మ ఎందుకు అని. తెలిసే అడిగాను. వదినకి ఒక్క సందు దొరికితే చాలు, తనే చెప్తుంది అనుకున్నాను. చెప్పాలని కూడా కాదు, చెప్తారని. జవాబు కోసం రోజూ దర్జీ షాపుకి నాలుగు సార్లు వెళ్ళాను. గడియారం తప్పు అని వచ్చింది.

తాళాలు తియ్యడం నాకూ చేతనవును. తీశాను, ఒక ఫైలుకి. మీరు షరతులన్నీ పీకేశారు కదా, తాళం తీయగానే గీతలన్నీ చెల్లాచెదురైపోయాయి. ఏది దేనికి సమానమో, ఏది దేన్ని అంటుకోవాలో మీ తలలో ఉంది, నా తలలో లేదు. నెలాఖరుకి తొమ్మిది ప్లేట్లు గీయగలిగాను. తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయి, నేనే కొలిచాను.

కొత్తాయన కళ్ళజోడుకి తాడు కట్టుకున్న పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకి కన్ను నొక్కాడు. "అయ్యా, వీటన్నిటికీ తాళాలున్నాయండీ. తెలియక పెట్టినవి కావు, ఒక్కొక్కటీ కూర్చుని కావాలని వేసినవి. ఎవరి పనండీ ఇది?" అన్నాడు. మంచాల కంపెనీ ఆఫీసరు కూడా అక్కడే ఉన్నాడు.

అన్నయ్య మొహం చూడాల్సింది. వెలిగిపోయింది. ఆరు నెలలుగా ఎదురు చూస్తున్న పండు చేతిలో పడ్డట్టు. నోరు తెరవబోయాడు. మీరెలాంటివారో, మీతో తానెన్ని పడ్డాడో, ఆ రోజు మీ పేరు ఎందుకు తీయించాల్సి వచ్చిందో, అన్నీ ఆ ఒక్క తాళంతో నిజమైపోతాయి.

నేనే వేశానన్నాను. గీతలు కదిలిపోతున్నాయని భయపడి, తెలియక, అన్నిటికీ వేసేశానన్నాను. తేదీలు చూసినా నేనే దొరికేదాన్ని. ఆ ముందురోజే నలభై ఒక్కటీ తెరిచి మళ్ళీ సేవ్ చేసి పెట్టాను. అలా ఎందుకు చేశానో అప్పటికి నాకూ తెలియదు.

ఆఫీసరు నవ్వాడు. కొత్తాయన మొహమాటంగా తల దించుకున్నాడు. అన్నయ్య మాత్రం నమ్మలేదు. నావైపు అలాగే చూశాడు. ఈసారి నేను కూడా చూశాను, తల తిప్పుకోలేదు. "అయితే నడు ప్యాకింగ్‌కి" అన్నాడు. నడిచాను.

మీ మీద ప్రేమతో అన్నాననుకోకండి. నా గురించి మీరు రాసింది నిజం, మీ గురించి అన్నయ్య అన్నదీ నిజమైంది, మధ్యలో నేను పదిహేను మంది ముందు అరిచిన మాట ఒక్కటే అబద్ధమైంది. దాన్ని నిజం చెయ్యడానికి నా దగ్గర ఆ కుర్చీ తప్ప ఇంకేమీ లేదు.

మీ ఉత్తరం ఆయనకి చూపించమన్నారు. చూపిస్తే కుర్చీ నాకు తిరిగి వస్తుందేమో, నిజమే. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంటాడు కూడా. స్టవ్ మీద కాల్చేశాను.

ఇంకో సంగతి మీకు తెలియాలి. కొత్తాయన అన్నీ మొదటి నుంచి గీస్తున్నాడు. మీ ఫైళ్ళు ఉంచాలా అని అడిగితే, చెత్త తీసెయ్యండి అన్నాడు అన్నయ్య. తీసేశారు. మడత కీలు కూడా. దాన్ని ఆయన వేరే రకంగా గీశాడు, రెండు స్క్రూలు ఎక్కువ పడుతున్నాయి, మూసేటప్పుడు కిర్రుమంటోంది. ఎవరూ ఏమీ అనలేదు. మీ గీత ఒక్క మిల్లీమీటరు కూడా కదపకూడదనుకున్నారు. ఇక్కడ ఇప్పుడు మీ గీత ఒక్కటీ లేదు.

పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే తిప్పి పంపుతున్నాను. అందులో నా పేరు ఉందని రాశారు. ఉండే ఉంటుంది. ఒక్కసారి చూసుకుందామనుకున్నాను, కంప్యూటర్ గదిలోకి వెళ్ళాలంటే ఇప్పుడు నేను పర్మిషన్ అడగాలి. అడగలేదు.

ఇక దర్జీ షాపుకి ఉత్తరాలు రాయకండి. ఒక్క సాయం మాత్రం చెయ్యండి. తీరిక ఉన్నప్పుడు ఆ నలభై ఒక్కటీ తెరిచి, 'సరిచూసినవారు' అన్న గడిలోంచి నా పేరు తీసెయ్యండి.

ఇట్లు,
ప్యాకింగ్ బల్ల దగ్గర మనిషి.